ఓపెన్‌కాస్ట్ కాన్పులు

సింగరేణి బొగ్గు గనుల్లో నెల తిరగ్గానే జనరల్ మేనేజర్ గారు విలేకరులను పిలిచి, చాయ్ బిస్కెట్లు పెట్టించి, లెక్క చెబుతారు. ఈ నెల మా ఏరియా ఇన్ని లక్షల టన్నుల లక్ష్యానికి ఇన్ని లక్షల టన్నులు తీసింది, ఇంత శాతం సాధించింది, కార్మిక సోదరులకు అభినందనలు. మర్నాడు జిల్లా పేజీలో ఫొటోతో సహా పడుతుంది. ఇదే గడ్డ మీద ఇంకో ఉత్పత్తి కూడా జరుగుతోంది. దాని శాతం వింటే బొగ్గు తెల్లబోవాలి. దానికి మాత్రం ప్రెస్‌మీట్ పెట్టే నాథుడు లేడు.

2019లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వాళ్లు తెలంగాణలో ఇంటింటికీ తిరిగి, అంతకు ముందటి ఐదేళ్ల కాన్పుల లెక్క తీశారు. నూటికి 60.7 పెద్దాపరేషన్లే. దేశం మొత్తమ్మీద సగటు 21.5. పక్కనున్న ఆంధ్రప్రదేశ్ ఎంత ఆయాసపడ్డా 42.4 దగ్గరే చతికిలపడింది. రాష్ట్రాల్లో మనదే మొదటి స్థానం. మన ప్రైవేటు దవాఖానలను విడిగా చూస్తే 81.5. సర్కారు దవాఖానలు 44.5తో వెనకబడ్డాయి, నిధుల కొరత కాబోలు. కరీంనగర్ జిల్లా 82 దాటేసింది. 2016 దసరా నాడు పెద్దపల్లి జిల్లా పుట్టేదాకా గోదావరిఖనిదీ ఆ జిల్లానే కాబట్టి, ఆ కీర్తిలో మన వాటా మనకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే 10 నుంచి 15 శాతం చాలు, అంతకు మించి అక్కర్లేదంది. లక్ష్యానికి ఐదారు రెట్లు! కంపెనీ వందేళ్ల చరిత్రలో ఏ జీఎం చూపించాడీ పనితనం?

ఖనిలో పుట్టి పెరిగినవాళ్లకు ఇందులో వింతేం కనపడదు. ఈ సినిమా మనం ఒకసారి చూసేశాం. ఒకప్పుడు ఇక్కడివన్నీ భూగర్భ బాయిలే. మనిషి నెత్తికి క్యాప్‌ల్యాంప్ కట్టుకొని దిగేవాడు. మైనింగ్ సర్దార్ ముందు నడిచి చేతికర్రతో కప్పును కొట్టి చూసేవాడు. ఖంగుమంటే గట్టిది, డొల్ల చప్పుడొస్తే వదులైంది. ఆగాలి, వినాలి, ఆసరా పెట్టాలి, అప్పుడే అడుగు ముందుకెయ్యాలి. ఇంత ఓపికకు ఖర్చెక్కువ, టన్నులు తక్కువ అని లెక్కలు తీసి, ఒక్కొక్క బాయినీ మూసుకుంటూ, ఓపెన్‌కాస్ట్ గనులు, అవే ఓసీపీలు, తెరుచుకుంటూ వచ్చారు. పైనున్న చెట్టూ చేమా, ఊరూ వాడా లేపెయ్యి. పైమట్టిని కాంట్రాక్టరుకు అప్పజెప్పు. డ్రిల్లు వెయ్యి, మందు కూరు, చెప్పిన టైముకు బ్లాస్టింగ్ చెయ్యి, డంపర్లకెత్తు. కింద తడుముకునే బాధ ఎవరికీ లేదు.

కాన్పులూ అదే దారి పట్టాయి. దిగి, ఆగి, విని, కనిపెట్టుకొని ఉండే కాన్పుకు గిట్టుబాటు లేదు. పైనుంచి తెరిచి తీసుకునేదానికి ఉంది. మామూలు కాన్పు అర్ధరాత్రి మొదలై మర్నాడు పొద్దుగూకేదాకా సాగుతుంది, దానికి షిఫ్టు తెలీదు, మస్టర్ తెలీదు, ఆదివారం తెలీదు. ఆపరేషనైతే ఓపీ మొదలవకముందు రెండు, ఓపీ అయ్యాక మూడు పెట్టుకోవచ్చు. బిల్లులో థియేటర్‌కో గడి, మత్తు డాక్టర్‌కో గడి, సూదీ దారానికో గడి, నాలుగైదు రోజుల గదికో గడి. రాత్రంతా ఓ ఆడమనిషి పక్కన కూర్చొని నడుం రాసినందుకు ఏ గడిలో రాస్తారు? కంప్యూటర్‌లో ఆ ఐటమే లేదు. కంప్యూటర్‌లో లేనిది వైద్యశాస్త్రంలో ఎట్లా ఉంటుంది?

ఇక మన సంగతి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని నవ్వుకున్న పెద్దలకు ముందుచూపు చాల్లేదు. ఇప్పుడు సోమలింగానికి నక్షత్రం, పాదం, లగ్నం, కోత పడే నిమిషం అన్నీ ముందే ఖాయం. అయ్యగారు కాగితం మీద టైము రాసిస్తారు. డాక్టరమ్మ ఆ కాగితాన్ని కేసుషీటుకు గుండుసూదితో గుచ్చుతారు. మత్తు డాక్టర్ మంచిర్యాల నుంచి ఆ టైముకల్లా గోదావరి బ్రిడ్జి దాటాలి. బ్రిడ్జి మీద ఇసుక లారీ ఒక్కటి మొరాయించిందా, రాజయోగం కాస్తా మూలా నక్షత్రంలో పడుతుంది. అయ్యగారి కాగితం ప్రకారం మన కాలనీలో రాబోయే ఇరవై ఏళ్లలో అందరూ కలెక్టర్లే. అటెండర్లను బయటి రాష్ట్రాల నుంచి తెచ్చుకోవాలి.

ముహూర్తాలు నమ్మనివాళ్లకు శాస్త్రీయ కారణాలున్నాయి. ఉమ్మనీరు తగ్గింది. బిడ్డ తల పెద్దగుంది. తల్లి పొట్టిగుంది. పేగు మెడకేసుకుంది. వీటిలో ప్రతిదీ నిజమయ్యే రోజొకటి ఉంటుంది, ఆ రోజు నిమిషం ఆలస్యం చేసినా తప్పే. కాని పేగు మెడకు చుట్టుకోవడమనేది నలుగురైదుగురు బిడ్డల్లో ఒకరికి ఉండనే ఉంటుంది. చాలామంది దాన్ని సన్మానంలో దండలా మెడలో వేసుకొనే బయటికొచ్చి ఏడుస్తారు. ఈ ముక్క స్కానింగ్ గదిలో ఎవరూ చెప్పరు. "పేగు మెడకేసుకున్నదమ్మా" అన్న మాట వినపడగానే అత్త ఏడుపు, తల్లి మొక్కు, మొగుడి సంతకం మూడూ ఒక్కసారే పడతాయి.

ఇంత పెద్ద పరిశ్రమకు పోటీ కంపెనీ ఒకటుంది. పెట్టుబడి లేదు, లైసెన్సు లేదు, జీఎస్టీ లేదు. కడుపుతో ఉన్న ప్రతి ఆడమనిషి ఒంట్లోనూ దాని బ్రాంచి ఉంది. పిల్లాణ్ని చంకలో పెట్టుకొని ఊరంతా వెతికినట్టు మనం మందుల షాపుల చుట్టూ తిరుగుతాం కాని, నొప్పి తగ్గించే సరుకు ఆ ఒంట్లోనే తయారవుతుంది.

ఆ కంపెనీ పనితీరు ఇదీ. మెదడు అడుగున ఆక్సిటోసిన్ తయారై, పిట్యూటరీ గ్రంథి నుంచి ఆగి ఆగి, విడతలు విడతలుగా రక్తంలోకి వస్తుంది. గర్భసంచి బిగుసుకుంటుంది, వదులవుతుంది. బిడ్డ తల కిందికి ఒత్తినకొద్దీ గర్భసంచి మూతి నుంచి మెదడుకు కబురు పోతుంది, మెదడు ఇంకాస్త పంపుతుంది. నొప్పి పెరిగేకొద్దీ దానితో పాటు ఎండార్ఫిన్లు పెరుగుతాయి. మార్ఫిన్ ఒంట్లో ఎక్కడ పట్టుకుంటుందో సరిగ్గా అక్కడే పట్టుకొనే సొంత మందు అది. నొప్పికీ నొప్పికీ మధ్య కళ్లు వాలిపోయి, పిలిస్తే పలక్కుండా, ఆమె మన మధ్య లేనట్టు కనిపిస్తుందే, అదీ ఆ మందు పనే. నొప్పిని మాయం చేస్తుందని కాదు. అలా చెప్పేవాళ్లు కన్నవాళ్లూ కాదు, కన్నవాళ్లను చూసినవాళ్లూ కాదు. ఓర్చుకోగలిగేటట్టు చేస్తుంది, అంతే. అది చాలా పెద్ద 'అంతే'.

ఇదేం పల్లెటూరి నమ్మకం కాదు. 1906లో లండన్‌లో హెన్రీ డేల్ పిట్యూటరీ రసం గర్భసంచిని బిగిస్తుందని చూశాడు. 1953లో విన్సెంట్ డు విన్యో అందులోని ఆక్సిటోసిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశాడు, రెండేళ్లకు నోబెల్ ఇచ్చారు. 1975లో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో హ్యూస్, కోస్టర్లిట్జ్ అనే ఇద్దరు పంది మెదళ్లను వడగట్టి, మార్ఫిన్ లాంటి పదార్థాన్ని ఒళ్లు తనకు తానే తయారుచేసుకుంటుందని తేల్చారు. పందికి ఉన్న సౌకర్యం మనిషికి ఉండదా అని ఆ తరువాత వెతికితే ఉందని తేలింది. ఉందన్న సంగతి కాన్పుగదిలో చెప్పేవాళ్లే దొరకలేదు.

ఆ కంపెనీకి ఒక్కటే శత్రువు. భయం. భయపడిన ఒంట్లో అడ్రినలిన్ లేస్తుంది, అది లేస్తే ఆక్సిటోసిన్ తగ్గుతుంది, నొప్పులు ఆగిపోతాయి, లేదా ఊరికే బాధపెట్టి పని చేయవు. 1966లో అమెరికాలో నైల్స్ న్యూటన్ అనే ఆవిడ ఈనే చుంచెలుకలను కదిలించి, చోటు మార్చి, బెదిరించి చూశారు. కాన్పు ఆలస్యమైంది. ప్రశాంతంగా వదిలేసినవి చకచకా ఈనేశాయి. ఎలుకలకు పట్టిన రహస్యం కాబట్టి పెద్ద దవాఖానలకు చేరడానికి టైము పడుతుంది.

చేరలేదని ఎట్లా అంటాం? మన కాన్పుగదిని చూస్తే ఆ శాస్త్రాన్ని ఆమూలాగ్రం చదివి, ప్రతి వాక్యానికీ సరిగ్గా వ్యతిరేకంగా కట్టారనిపిస్తుంది. ఫలానా దవాఖాన అని పేరెందుకు, మీకు తెలిసినదాన్నే తలుచుకోండి. కళ్లలో పొడిచే ట్యూబులైటు. మూలల్లో రెగ్జిన్ చిట్లి స్పాంజి కనపడే ఇనప బల్ల. కాళ్లు ఎత్తి కట్టే స్టాండ్లు. రెండు బల్లల మధ్య తెర లేదు, తెర కోసం కట్టిన తీగ మాత్రం ఉంది, దాని మీద ఎవరిదో చేతి తువ్వాల ఆరేసి ఉంది. గాజులు తీయించారు, ఫోను తీసుకున్నారు, పుస్తెలతాడు బయట తల్లి చేతికిచ్చారు. వెల్లకిలా పడుకో, కదలకు, నీళ్లు తాగకు. పక్క బల్ల మీదామె అరుస్తుంటే తన వంతు ఎప్పుడా అని వింటూ ఉండు. నొప్పి ఓర్చుకోలేక 'అమ్మా' అన్నదో, వెంటనే శాస్త్రీయమైన ఓదార్పు. "నోర్ముయ్. అప్పుడు తెల్వలేదా? గప్పుడు మంచిగుండె, ఇప్పుడు ఒర్రుతున్నవా?" ఈ డైలాగు ఏ నర్సింగ్ స్కూల్ సిలబస్‌లోనూ లేదు. అయినా ఆదిలాబాద్ నుంచి ఖమ్మం దాకా అక్షరం మారకుండా వినపడుతుంది. ఇంత కచ్చితంగా అమలయ్యే సర్కారీ పథకం ఇంకోటి చూపించండి.

ఇన్ని చేశాక అడ్రినలిన్ లేవకుండా ఉంటుందా? లేస్తుంది. నొప్పులు మందగిస్తాయి. అప్పుడు నొప్పుల సెలైన్ పెడతారు. సీసాలో ఉన్నదీ ఆక్సిటోసినే, ఒంట్లో ఉన్నదీ అదే. తేడా ఒక్కటే: చేతి నరంలోంచి ఎక్కించింది గర్భసంచికి చేరుతుంది కాని రక్తం నుంచి మెదడులోకి పెద్దగా దాటదు. బిగింపు వస్తుంది, ఓదార్పు రాదు. విడతలు విడతలుగా కాకుండా చుక్క చుక్కా ఆగకుండా దిగుతుంది. కాన్పయ్యాక రక్తం ఆగకపోతే ఇదే మందు ప్రాణం కాపాడుతుంది, అందుకు దానికి దండం పెట్టాలి. కాని భయపెట్టి ఆపేసి, ఆగిపోయిందని సీసా కట్టి, సీసాకు బిడ్డ గుండె తడబడిందని థియేటర్‌కు తోసుకుపోవడం, ఈ మూడంచెల సేవకు దండం ఎవరికి పెట్టాలో తెలీదు. థియేటర్ బయట మటుకు మనమే పెడతాం. "మీరు లేకపోతే నా బిడ్డ దక్కకపోవు సారూ."

ఇప్పుడు తలుపుకు ఇవతలికి రండి. సీమంతం నాడు కాలనీ కాలనీ అంతా దిగింది. గాజులు తొడిగారు, ఒడి నింపారు, ఫొటోగ్రాఫర్ డ్రోను ఎగరేశాడు. కాన్పు నాడు వాళ్లంతా వరండాలో. తల్లి చేతిలో వేడినీళ్ల ఫ్లాస్కు, అత్త చేతిలో పాత మెత్తటి చీర ముక్కలు, వదిన చేతిలో ఫోను. ముగ్గురూ కలిసి అరడజను మందిని కన్నవాళ్లు. నొప్పంటే ఏంటో, ఎప్పుడు నడవాలో, ఎప్పుడు ఒరిగి పడుకోవాలో వాళ్లకు తెలిసినంతగా ఆ గోడకు తెలీదు. ఆ గోడకవతల ఉన్న పిల్ల మాత్రం ఒక్కతే. మొదటి షిఫ్టు దిగి ఒంటినిండా బొగ్గు పొడితో వచ్చిన మొగుడు తలుపు మీద ఎర్ర పెయింటు అక్షరాలు చదువుతూ నిలబడ్డాడు. మగవాళ్లకు ప్రవేశం లేదు.

ఎందుకు లేదంటే, మగవాళ్లు చూసి తట్టుకోలేరట, కళ్లు తిరిగి పడిపోతారట. ఎదురుగా ఉన్నవాడు షాట్ ఫైరర్. రోజూ మందుగుండు కూరి పేల్చి వచ్చేవాడు. ఆడవాళ్లను బాయిలోకి దించొద్దని మాత్రం నిజంగానే చట్టం ఉండేది, 1952 గనుల చట్టం, 46వ సెక్షన్. 2019లో దాన్నీ సడలించి, పగటిపూట, వాళ్ల ఒప్పుకోలుతో దిగొచ్చన్నారు. మగవాణ్ని కాన్పుగదిలోకి రానివ్వొద్దని ఏ చట్టమూ ఎన్నడూ లేదు. ఉన్నది పెయింటు డబ్బా ఒక్కటే. చట్టాన్నయితే పార్లమెంటు మారుస్తుంది, పెయింటును ఎవరు మారుస్తారు?

ఇంకో విడ్డూరం. ఆసరా లేని కప్పు కింద మనిషిని పనికి పెట్టకూడదని బాయిలో నిబంధన. బోల్టు వెయ్యాలి, దిమ్మె నిలబెట్టాలి, సర్దార్ చూడాలి, రిపోర్టులో రాసి సంతకం పెట్టాలి. లేకపోతే గనుల భద్రత డైరెక్టరేట్ వాళ్లొచ్చి మేనేజర్ కుర్చీ కిందికే నీళ్లు తెస్తారు. ఒక బండరాయికి ఇంత ఆసరా! ఆ బాయిలో పనిచేసేవాడి పెళ్లానికి పన్నెండు గంటల నొప్పుల్లో ఒక్క చెయ్యి ఆసరా ఇవ్వాలంటే మాత్రం ఇన్‌ఫెక్షన్ వస్తుంది. వరండాలో తిరిగే పిల్లితో రాని ఇన్‌ఫెక్షన్ కన్నతల్లితో వస్తుంది.

ఆసరా పనిచేస్తుందని రుజువేమిటంటారా? 1980లో గ్వాటెమాలాలో సోసా, కెనెల్, క్లౌస్ మొదలైన డాక్టర్లు తొలిచూలు గర్భిణులను తీసుకొని, కొందరి పక్కన ఒక మామూలు ఆడమనిషిని కూర్చోబెట్టారు. నర్సు కాదు, చుట్టం కూడా కాదు, అప్పటిదాకా ముఖపరిచయం లేని మనిషి. ఆమె చేసింది వీపు రాయడం, చెయ్యి పట్టుకోవడం, మాట్లాడుతూ ఉండటం. ఒంటరిగా వదిలేసినవాళ్ల కాన్పుకు సగటున 19 గంటలు పైనే పడితే, తోడున్నవాళ్లకు 9 గంటల లోపే తెమిలింది. 1999లో బోట్స్వానాలో ఈసారి ఇంటి ఆడవాళ్లనే లోపలికి పంపారు. తోడున్నవాళ్లలో నూటికి 91 మంది మామూలుగా కన్నారు, లేనివాళ్లలో 71 మంది. 2017లో కాక్రేన్ అనే పరిశోధన సంస్థ వాళ్లు 17 దేశాల్లో 15,000 మందికి పైగా తల్లుల మీద జరిగిన పరీక్షలన్నీ కూర్చి చూశారు. పక్కన తోడుంటే కోతలు తగ్గుతాయి, నొప్పి మందుల అవసరం తగ్గుతుంది, కాన్పు కొంచెం త్వరగా అవుతుంది, బాధపెట్టే జ్ఞాపకం తగ్గుతుంది. హాని? ఏమీ కనపడలేదు.

ఇదే ఫలితం ఓ మాత్ర ఇచ్చి ఉంటే చూడాలి. 'అమ్మోసిన్ ఫోర్ట్' అని పేరు పెట్టి, టై కట్టుకున్న కుర్రాళ్లు తోలు సంచులతో లక్ష్మీనగర్ సందులన్నీ తిరిగేవాళ్లు. డాక్టర్లకు గోవాలో సదస్సు. ప్రతి గర్భిణికీ తొమ్మిదో నెల నుంచే రోజుకు మూడు. రాసివ్వని డాక్టరును పాతకాలం మనిషి అనేవాళ్లు. ఖర్మ కాలి ఆ మందు మనిషి రూపంలో ఉంది, వరండాలో ఫ్లాస్కు పట్టుకొని నిలబడి ఉంది, దాని మీద ఎంఆర్‌పీ లేదు.

సర్కారుకు ఈ సంగతి తెలీదనుకుంటే పొరపాటు. 2016 ఫిబ్రవరిలోనే కేంద్ర ఆరోగ్య శాఖ సర్కారు దవాఖానల కాన్పుగదుల్లోకి తోడు మనిషిని అనుమతించింది. కాన్పు అనుభవం ఉన్న ఆడమనిషి అయితే మేలంది. తల్లికి చాటు కల్పించగలిగినచోట భర్తను కూడా రానివ్వొచ్చంది. ఇప్పుడర్థమైందా తీగ మీద తెర ఎందుకు వేలాడదో? తెర కడితే మొగుణ్ని రానివ్వాలి. 2017 చివర్లో 'లక్ష్య' అని ఇంకో పథకం తెచ్చి, కాన్పుగదిలో తల్లికి మర్యాద ఇవ్వాలని చెక్‌లిస్టు తయారుచేశారు. చెక్‌లిస్టులో టిక్కులన్నీ పడ్డాయి. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, తల్లి కోరుకున్న మనిషి పక్కనుండాలని, గర్భసంచి మూతి 5 సెంటీమీటర్లు తెరుచుకునేదాకా కంగారు వద్దని, గంటకో సెంటీమీటర్ చొప్పున తెరుచుకోవాల్సిందేనని బిగుసుక్కూర్చోవద్దని చెప్పింది. గంటకో సెంటీమీటరట! టన్నుల లెక్కకు అలవాటు పడ్డ చోట ఇంతకంటే నిదానమైన టార్గెట్ పెడితే ఎవరికి నచ్చుతుంది?

అదే 2017లో మన రాష్ట్రంలో కేసీఆర్ కిట్ వచ్చింది. సర్కారు దవాఖానలో కంటే ఆడపిల్లకు 13,000, మగపిల్లవాడికి 12,000, పైగా 16 వస్తువుల సంచి ఇచ్చేవాళ్లు. మంచి పనే, కాదనను. సబ్బుండేది, దోమతెర ఉండేది, నూనె ఉండేది, తల్లికి చీర ఉండేది. సంచిలో పట్టని వస్తువు ఒక్కటే, దానికి రెండు చేతులుంటాయి.

విధి ఎంత కొంటెదో చూడండి. తెలంగాణ సర్కారు, యూనిసెఫ్, హైదరాబాద్ ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి 2017లో 30 మంది నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. నొప్పుల్లో ఉన్నామెను నడిపించడం, నడుం రాయడం, నీళ్లు తాగించడం, ఆమెకు వీలైన తీరులో కూర్చోనివ్వడం, భయపడితే చెవి దగ్గర నెమ్మదిగా మాట్లాడటం, ఎప్పుడు ఆగాలో ఎప్పుడు డాక్టరును పిలవాలో తెలుసుకోవడం, అదీ పాఠం. ఎక్కడ మొదలుపెట్టారనుకున్నారు? కరీంనగర్‌లో. 82 శాతం కరీంనగర్‌లోనే. సర్వే లెక్కలో ఎక్కువ కాన్పులు ఆ నర్సులు చేతికందకముందువి, కాబట్టి వాళ్ల మీద మాట పడనివ్వను. పైగా వాళ్ల దారిలోనే 2018 డిసెంబర్‌లో దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు వచ్చాయి. కాని దీపం కిందే చీకటి అన్నట్టు కాక, చీకటి నడిబొడ్డున దీపం పెట్టి, పొద్దున లేచి చూసి, "ఇంకా తెల్లారలేదేం?" అని అడగటం మనకే చెల్లింది.

ఇంతకీ కోత పాపం కాదు. అడ్డం తిరిగిన బిడ్డ, మాయ కిందికొచ్చిన గర్భం, ఫిట్స్ వచ్చిన తల్లి, వీళ్లకు ఆ కత్తే దేవుడు. మంత్రసాని కాలమే బంగారమని పాడేవాళ్లు, ఆ కాలంలో పసిపిల్లల్ని వదిలి పోయిన తల్లుల లెక్క కూడా పాడితే బాగుంటుంది. 2014-16లో మన రాష్ట్రంలో లక్ష కాన్పులకు 81 మంది తల్లులు పోతే, 2018-20 నాటికి 43కు దిగింది. నూటికి 97 కాన్పులు దవాఖానలోనే జరుగుతున్నాయి. ఈ గెలుపు తక్కువది కాదు. "చూశారా, కోతల వల్లే" అని ఎవరైనా ఎగిరితే కేరళను చూపించాలి. అక్కడ అదే కాలంలో 19 మందే పోయారు, కోతలు 39 శాతం లోపే.

డాక్టర్లనే అనడానికీ లేదు. ఏదైనా జరగరానిది జరిగితే దవాఖాన అద్దాలు పగలగొట్టేది మనమే, కోర్టుకు పోతామని బెదిరించేదీ మనమే. "కొయ్యకుండ ఎందుకు ఆగిన్రు" అని అడిగినవాళ్లున్నారు గాని "ఎందుకు కోసిన్రు" అని అడిగిన మొగుడు ఖనిలో ఇంకా పుట్టలేదు, ముహూర్తం కుదరక. నొప్పులు మొదలైన రెండో గంటకే "మా బిడ్డ ఓర్సుకోదమ్మా, కోసెయ్యున్రి" అని తల్లే చేతులు జోడిస్తుంది. లోపల ఒంటరిగా పడి ఉన్న పిల్ల అరుపు బయటికి వినపడుతుంటే ఏ తల్లి ఆగుతుంది? ఆమెను లోపలికి పంపి ఉంటే పిల్ల అంత అరిచేది కాదు, ఈమె అంత వణికేది కాదు. ఆ వణుకే దవాఖాన ఫైలులో 'బంధువుల కోరిక మేరకు' అని నమోదవుతుంది. మొదటిదాన్ని కోశాక రెండోది కోతేనని చెప్పడం తేలిక. ఓసీపీ ఒకసారి తెరిచాక మళ్లీ బాయి చేస్తారా ఎవరైనా?

కాబట్టి ఓ చిన్న కోరిక. కార్మిక సంఘాల వాళ్లు రేపటి డిమాండ్ల పత్రంలో చిట్టచివర, జాగా ఉంటేనే, ఓ లైను రాయండి. కాన్పు బల్లకొకటి చొప్పున ప్లాస్టిక్ కుర్చీ, రెండు బల్లల మధ్య ఓ గుడ్డ తెర. తీగ ఎలాగూ ఉంది.

అయ్యే పనేనా అంటే అవుతుంది, పద్ధతి ప్రకారం అవుతుంది. ముందు సిస్టరమ్మ ఇండెంటు పెట్టాలి. సూపరింటెండెంటు సిఫారసు చెయ్యాలి. కుర్చీ వైద్య పరికరమా, ఫర్నిచరా అని అకౌంట్స్ వాళ్లు రెండు నెలలు ఆలోచిస్తారు. ఫర్నిచరేనని తేలాక చేతులున్నది కావాలా, లేనిది కావాలా అని ఓ కమిటీ వేస్తారు. కమిటీలో ఐదుగురూ మగవాళ్లే. ముగ్గురు చేతులుండాలంటారు, ఇద్దరు వద్దంటారు, అసమ్మతి నోటు జతచేస్తారు. ఈ-టెండర్ పిలుస్తారు, ఒక్కడే వేశాడని రద్దు చేసి మళ్లీ పిలుస్తారు. సరిగ్గా తొమ్మిది నెలలు నిండాక కుర్చీ దిగుతుంది, నీలం రంగుది, వీపు మీద దవాఖాన పేరు, సీరియల్ నంబరు. ఓ పెద్దమనిషి వచ్చి రిబ్బను కత్తిరించి ఫొటో దిగుతారు. ఆయన కారు గేటు దాటగానే ఆ కుర్చీని ఎత్తుకొచ్చి కాన్పుగది తలుపుకు ఇవతల వేసి, అందులో సెక్యూరిటీ గార్డును కూర్చోబెడతారు, లోపలికి ఎవరూ పోకుండా చూసుకోవడానికి.